లింకులో దూరిన వెక్కిరింపుగాడు

నేను రాసిన ఫిర్యాదులన్నిటిలో నూటికి నూరుపాళ్లూ నెగ్గింది ఒక్కటే. అది నెగ్గడం వల్లే నేను సర్వనాశనమయ్యాను.

రెండు వేల పదమూడు ప్రాంతం. రాజాంలో ఉండేవాణ్ణి. ఇంట్లో లైసెన్సున్న హామ్ రేడియో సెట్టు, డాబా మీద కొబ్బరిచెట్టుతో పోటీపడే యాంటెన్నా. ఆ సెట్టుని కంప్యూటరుకి తగిలిస్తే ఇంటర్నెట్ మీదుగా ఏ ఊరి సెట్టుతోనైనా మాట్లాడవచ్చు. మధ్యలో సబ్బుపెట్టెంత ఇంటర్‌ఫేసు పెట్టె ఒకటి ఉండాలి, అంతే. తుఫాను రోజుల్లో సముద్రపొడ్డు ఊళ్ల కబుర్లు ఇలాంటి లింకు మీదుగా పంపాలని మా హామ్ బృందం తీర్మానించింది. ఎవరింటి లింకన్నది నెల రోజులు చూశాక తేలుస్తారు. ఆ గౌరవం నాకే రావాలి. వస్తుంది. అందులో నాకు అనుమానమే లేదు.

ఎందుకంత పట్టుదల అంటారా? శృంగవరపుకోటలో సింహాచలం మేష్టారని ఫిజిక్సు చెప్పి రిటైరైన పెద్దమనిషి ఉండేవారు. మా బృందానికి ఆయనే పెద్ద. రెండేళ్ల కిందట పదకొండుమంది ఎదుట నేను తీగలకి వేసిన సాల్డరింగు అతుకులు చూసి, "ఏటిరా నాయుడూ ఇది, కాకి రెట్టేసినట్టుంది!" అన్నారు. అప్పుడాయన కట్టుకున్నది నీలం గళ్ల చొక్కా. రెండో గుండీ లేదు. నేను మర్చిపోను.

అలాంటి మేష్టారు ఆ ఇంటర్‌ఫేసు పెట్టె కట్టుకోమని నాకు వైరింగు బొమ్మ గీసి పంపారు. కింద ఎర్ర ఇంకుతో, "కంప్యూటరులోకి పోయే తీగ, కంప్యూటరు నుంచి వచ్చే తీగ ఎక్కడా కలవకూడదు" అని రాశారు. ఆ కాగితాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాను. రెండు తీగలూ మోసేది మాటలనే కదా, రెండిటినీ ఒకేచోట అతికిస్తే పోలా? అతికించాను. పెట్టె మూత పెళ్లికూతురి భరిణెలా ముద్దుగా పడింది.

లింకు మొదటిరోజే పలికింది. మూడోరోజు నెల్లిమర్ల నుంచి అప్పన్న బావ ఫోన్ చేశాడు. నా భార్య పార్వతికి అన్నగారు, ఆయనకీ సెట్టుంది.

"బావా, లింకులో ఎవుడో దూరినాడు. నాను మాట ముగించడం తరవాయి, ఆకరి ముక్క అట్టుకుని ఎక్కిరిస్తన్నాడు."

"ఎలా?"

"'మరుంటాను' అంటే 'ఉంటాను' అంటన్నాడు. మేష్టారు 'అర్దమైందా' అంటే 'అర్దమైందా' అంటన్నాడు. మేష్టారు అగ్గైపోతన్నారు."

"గొంతెలా ఉంది?"

"అచ్చం మా గొంతే బావా, జలుబు సేసినట్టుంటాది."

"మిమిక్రీ ఆర్టిస్టన్నమాట. మరి నన్ను వెక్కిరించడం లేదే?"

"నీ మాటకి మాత్రం కిక్కురుమనడు."

చొక్కా గుండీలు తెగేంతగా నా ఛాతీ పొంగింది. "భయం బావా. నేనంటే భయం. వాణ్ణి నేను పడతాను."

వారం పాటు పరిశోధించాను. ఒక గొప్ప ఆధారం దొరికింది. రాజాంలో కరెంటు పోయినంతసేపూ వాడికీ నోరు పెగలడం లేదు. అంటే వాడు మా ఊళ్లోనే ఉన్నాడు!

"మనూళ్లో ఇంకో రేడియో ఎవులికున్నాదండీ?" అంది పార్వతి.

"లైసెన్సు లేని దొంగ రేడియో."

"ఒకపాలి మన పెట్టె ఇప్పి సూసుకోరాదా?"

"నా పెట్టెనా?" అన్నాను. అవమానించినవాళ్ల జాబితాలో ఆవిడ పేరు అప్పటికే ఉంది కనుక తేదీ మాత్రం వేశాను.

ఆదివారం ఉదయం లింకులో అందరూ చేరాక మూడు పేజీల ఫిర్యాదు చదివాను. దోషి దొరికిన క్షణం నుంచి అమలు కావలసిన శిక్షలు మూడు. ఒకటి, వాడి సెట్టు ఏడాదిపాటు మేష్టారి బీరువాలో ఉండాలి. రెండు, వాడు అందరికీ పేరుపేరునా గాలిలోనే, అంటే రేడియో మీదే, క్షమాపణ చెప్పాలి. మూడు, బతికున్నన్నాళ్లూ సాల్డరింగు ఐరన్ ముట్టకూడదు.

"సమ్మతమే," అన్నారు మేష్టారు. "సమ్మతమే," అన్నాడు బావ. వెంటనే నా సెల్‌ మోగింది. మళ్లీ బావే.

"ఆడూ సమ్మతమే అనీసినాడు బావా! రెండుసార్లు!"

"చూశావా, దడుచుకున్నాడు!"

నా ఫోను మాటలు మైకులో పడ్డట్టున్నాయి, ఇంతలో లింకులో మేష్టారు నెమ్మదిగా అన్నారు. "నాయుడూ, ఫోను సెవి దగ్గరే ఉంచి నీ పెట్టె మూత తియ్యి. కంప్యూటరులోకి పోయే తీగ పీకు. నాను మాటాడతంటాను, అప్పన్న సెట్టులో ఏటినపడతాదో ఫోనులో ఇను. అర్దమైందా?"

ఫోనులోంచి, నెల్లిమర్ల సెట్టులోంచి, జలుబు గొంతు పలికింది. "అర్దమైందా?"

వాణ్ణి వినడం అదే మొదటిసారి. తీగ పీకాను.

"అర్దమైందా?" అన్నారు మేష్టారు. నిశ్శబ్దం. తీగ మళ్లీ ఆనించాను. "అర్దమైందా?" "అర్దమైందా?"

అర్థమైంది. లింకులో వచ్చిన ప్రతి మాటా నేను కలిపిన అతుకు దగ్గర వెనక్కి తిరిగి, తోక ఊపుకుంటూ వాళ్లింటికే పోయింది. నా మాట వెనక్కి పంపడానికి అవతలివాళ్ల వైరింగులో అలాంటి అతుకు లేదు. అందుకే నన్నెవడూ వెక్కిరించలేదు.

"బావా," అన్నాడు అప్పన్న బావ, నవ్వు ఆపుకోలేక, "ఆ మూడో పేజీ ఒకపాలి మళ్లీ సదువు. సంతకం నీదేనా?"

నాదే. పైగా అందరూ సమ్మతించేశారు. దోషి సహా, రెండుసార్లు.

తుఫాను లింకు నెల్లిమర్లకి పోయింది. సెట్టు శృంగవరపుకోటలో మేష్టారి బీరువాకి పోయింది. సెట్టు లేనివాడు గాలిలో క్షమాపణ ఎలా చెబుతాడు? రాజాంలో బస్సెక్కి నెల్లిమర్లలో దిగి, బావ తన సెట్టు మైకు బటను నొక్కి పట్టుకుంటే, పదకొండుమందికీ పేరుపేరునా చెప్పాను. పన్నెండో పేరు పార్వతిది. అది బావ బలవంతం మీద.

ఆ మైకు ముందే కుడిచెయ్యెత్తి ఘోర శపథం కూడా చేశాను. ఇకమీదట ఎవరి మీద ఫిర్యాదు రాసినా, దోషి ఎవరో తేలేదాకా శిక్షల భాగం ఖాళీగానే వదిలేస్తాను.