మామ్మ కట్టుడు పళ్ళు, నా క్లిప్పులు

పొద్దున మా అమ్మాయి తన పళ్ళ వరస సరికావడానికి వేసుకునే పారదర్శకపు తొడుగులు కడుగుతుంటే, సింకులోంచి లేచిన పుదీనా పేస్టు వాసన నన్ను సఖినేటిపల్లి దగ్గర మా చేపల వాళ్ళ వీధిలోకి తీసుకుపోయింది.

అప్పుడు నాకు పదమూడేళ్ళు. నావి ఎత్తుపళ్ళని ఏటికవతల నరసాపురంలో డాక్టరు గారు క్లిప్పులు బిగించారు. తీగ చివర బుగ్గను గీరితే కాస్త మైనం అద్దుకునేదాన్ని. జంతికలు, తేగలు, చెరుకు ముక్కలు అన్నీ కూడదన్నారు. పెరట్లో పంపు దగ్గర చిన్న బ్రష్షుతో తీగల సందులు తోముకుంటుంటే కొబ్బరాకుల నీడ నీళ్ళలో ఊగేది, ఎండుచేపల వాసన గాలిలో నిలబడిపోయేది, పొద్దు కదిలేదే కాదు.

పక్కనే అరుగు మీద మా నాన్న తల్లి, మామ్మ, జావ తాగుతూ కూర్చునేది. కట్టుడు పళ్ళు చేయించినా, ఎవరి నోరో తగిలించుకున్నట్టుందని డబ్బాలోనే ఉంచేది. సరిగా తినలేక చిక్కిపోయింది. నేనేమో బడిలో పిల్లలు రైలు పట్టాలని వెక్కిరించినప్పటి నుంచి నలుగురిలో నవ్వడం, మాట్లాడడం కూడా మానేశాను.

ఒకసారి తీగ బిగింపుకు మామ్మే తోడొచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ఏరు దాటించే పంటు మీద మోటారు సైకిళ్ళు, మల్లెపూల బుట్టలు, మనుషులు. గోదారంతా పసుపు నీళ్ళు కలిపినట్టు సాయంత్రం.

"ఏంటే, నోటికి చెయ్యడ్డం ఎట్టుకున్నావు?"

"అందరూ చూత్తన్నారు మామ్మా."

మామ్మ బొడ్లోంచి డబ్బా తీసి, సీసా నీళ్ళతో పళ్ళు కడిగి పెట్టుకుంది.

"నాకూ సిగ్గేనే. ఇద్దర్నీ చూడనీ."

ఆ మాట ఈల వేసినట్టు వచ్చింది. నేను చెయ్యి తీసేసి పడీపడీ నవ్వాను. పంటు మీద ఎవరూ మాకేసి చూడనే లేదు.

మర్నాటి నుంచి పంపు దగ్గర ఇద్దరం తోముకునేవాళ్ళం, నేను నోట్లోవి, తను చేతిలోవి. మామ్మ మళ్ళీ పులుసులో చేపముక్క నములుతుంటే నాన్న తినడం ఆపి చూసేవాడు.

క్లిప్పులు తీసిన రోజు పరుగున వచ్చి నోరు తెరిచాను. అప్పటికి మామ్మకు చూపు ఆనేది కాదు. వేలితో నా పళ్ళు ఒక్కొక్కటే తడిమింది.

"సక్కగున్నాయే," అంది. "మునుపు నాయీ ఎత్తుపళ్ళే. అచ్చం నా పళ్ళే నీకొచ్చాయి."

ఇప్పుడు మామ్మ లేదు, ఆ పెరడూ లేదు. నా పలువరస బాగుందనే వాళ్ళు చాలామందే ఉన్నారు. నావి ఎవరి పళ్ళో తెలిసిన మనిషే లేదు.