పేరాలో రాసి ఉన్న జబ్బు

రాయదుర్గంలో బండలు కొట్టే వీరేశానికి జ్యోత్స్న ఒక్కతే కూతురు. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న 1998లో డిగ్రీ పూర్తిచేసి, ఎంసీఏ ప్రవేశ పరీక్షకు దరఖాస్తు పెట్టింది.

లెక్కల్లో ఆమెకు ఢోకా లేదు. తెలుగు మీడియం పిల్ల కాబట్టి, ఇంగ్లిష్ పేరా చదివి జవాబులు గుర్తించడమంటేనే గుండెదడ. లింగంపల్లిలో నరసింహమూర్తి మాస్టారు రెండు నెలలు అదే పనిగా చదివించారు. "నీకు తెలిసింది కాదమ్మా, పేరాలో ఏముందో అదే జవాబు," అనేవారు.

ఆ ఏడాదంతా వీరేశం దగ్గుతూనే ఉన్నాడు. దవాఖానలో క్షయ అన్నారు. ఆరు నెలలు మందులు మింగినా నాలుగడుగులు వేస్తే ఆయాసం. అయినా "ఫికర్ జెయ్యకు బిడ్డా" అంటూ సుత్తి పట్టుకుని పోయేవాడు.

పరీక్షలో జ్యోత్స్న లెక్కలను చివరికి ఉంచుకుని ముందు ఇంగ్లిష్ మొదలుపెట్టింది. రెండో పేరా రాతి గనుల కూలీల గురించి. బండల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని గట్టిపడుతుందట. చాలాసార్లు దాన్ని క్షయగా పొరబడతారట. ఆమె మళ్లీ చదివింది, ఈసారి ఒక్కో మాటా పట్టుకుని. కింద ప్రశ్న: ఈ జబ్బు ఎంతకాలానికి నయమవుతుంది? నాలుగో జవాబు: నయం కాదు. ఆ గడి నింపింది.

తర్వాత లెక్కలు తీసింది. అంకెలు కంటికి ఆనలేదు. గంట కొట్టేసరికి సగం అలాగే మిగిలాయి.

గేటు దగ్గర వీరేశం నిలబడి ఉన్నాడు. "ఏంది బిడ్డా, ఏడుస్తున్నవ్? పరీక్ష కష్టమొచ్చిందా?"

"నువ్వు ఇగ బండల కాడికి పోకు నాయినా."

చెట్టు కింద కూర్చోబెట్టి, చదివిందంతా చెప్పింది.

"గీ ముచ్చట కాయితాలల్ల అచ్చేసిన్రా? మాకెవ్వలు చెప్పలేదు."

పెద్ద దవాఖానలో ఎక్స్‌రే చూసిన డాక్టరు కూడా ఆ జబ్బు పేరే చెప్పాడు. జ్యోత్స్నకు సీటు రాలేదు. మరుసటి వానాకాలం రాకముందే వీరేశం పోయాడు. దినాలు కాగానే తల్లి రుక్కమ్మ కంకర మోయడానికి తట్ట తీసింది. జ్యోత్స్న ఆ తట్ట లాక్కుని, లింగంపల్లిలో ఒక జిరాక్స్ దుకాణంలో పనికి కుదిరింది. ప్రవేశ పరీక్ష మళ్లీ రాయలేదు.