స్టార్టర్ డబ్బా మూతలో వంతెన

నా రాత కోడి గీకినట్టుంటుంది. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి, ఊరి బడిలో ఐదు దాకానే చదివాను. పోయిన శుక్రవారం పొద్దున మా ఉస్తాద్ చనిపోయారు. సిద్దిపేటలో ఆయన మోటార్ వైండింగ్ షాపులో ముప్పై ఏళ్లకు పైగా నేను రాగి తీగ చుట్టాను. మీలో చాలామంది బోరు మోటార్లు ఆయన చేతి మీదుగా పోయినవే. అందుకే మీకు రాస్తున్నాను. ఏడవడానికి కాదు, పగతో రాస్తున్నాను.

మోటార్ బాగుచేసి ఇచ్చేటప్పుడు ఏ వైరు ఎక్కడ కలపాలో ఉస్తాద్ కాగితం మీద బొమ్మ గీసేవారు. మూలకు తారీఖు వేసి స్టార్టర్ డబ్బా మూతకు లోపల అతికించేవారు. ఒక వైరు ఇంకో వైరును తాకకుండా దాటే చోట గీతను చిన్న వంతెనలా వంచేవారు. నాకు మొదటి రోజు నేర్పింది అదే. నేను తిన్నగా గీస్తే కాగితం చింపేశారు. "వంతెన లేకుంటే రెండూ కలిసినయనుకుంటరు, భాయ్" అన్నారు. తర్వాత టీ తెప్పించారు.

చేయి వణకడం మొదలయ్యాక ఆయన కూతురు కంప్యూటర్లో బొమ్మలు గీసే ప్రోగ్రాం పెట్టి ఇచ్చింది. అది ఒకరి సొత్తు కాదట. పదిమంది కలిసి చేస్తారు, ఎవరైనా సలహా చెప్పొచ్చు. కానీ గీతలు దాటే చోట అందులో వంతెన వచ్చేది కాదు. రాయపోల్ రైతు ఒకాయన ఆ ప్రింటు చూసి దాటిన చోట రెండు వైర్లూ కలిపేశాడు. వరి పొట్ట మీదుండగా మోటార్ కాలింది. ఉస్తాద్ ఆయన్ని ఒక్క మాట అనలేదు. తప్పు బొమ్మది అన్నారు. ఆ మోటార్ ఇద్దరం కూర్చుని మళ్లీ చుట్టి ఇచ్చాం.

ఆ వారమే ఆయన చెబుతుంటే కూతురు ఇంగ్లీషులో పెట్టి సలహా పంపింది. ఆ ప్రోగ్రాం పనులు చూసే పెద్దమనిషి ఒకాయన, బొమ్మ చదవడం వచ్చినవాళ్లకు ఇది అక్కరలేదని రాసి, ఇక చూసేది లేదన్నట్టు సలహా మూసేశాడు. ఉస్తాద్ విని నవ్వారు.

"సదువు రానోళ్ల కోసమే గద భాయ్, బొమ్మ."

మూడుసార్లు పంపారు. మూడుసార్లూ మూశాడు. నేను పళ్లు కొరుకుతుంటే, పగ ఉంటే పనిలో పెట్టమనీ, తీగ గట్టిగా చుట్టమనీ అన్నారు. ఆ రోజు ఎంత గట్టిగా చుట్టానంటే తీగ తెగింది.

ఆయన పోయిన మూడో రోజు ఇంటికి వెళ్తే కూతురు కంప్యూటర్ తెరిచింది. అదే ప్రోగ్రాం కొత్తగా మార్చి పంపారట, అందులో గీతలు వంతెన ఎక్కి దాటుతున్నాయి. ఈ మధ్య ఇంకెవరో అదే సలహా పంపారట. అదే పెద్దమనిషి మెచ్చుకుని, సాయం చేసినవాళ్ల వరుసలో వాళ్ల పేరు వేశాడు. ఉస్తాద్ సలహా మాత్రం మూసినట్టే ఉంది.

"పోనీ చాచా. పనైతే అయింది గద" అంది ఆ పిల్ల.

నేను పోనివ్వను. షాపుకు వచ్చేవాళ్లలో సగం మందికి నా గొంతు ఎట్లా ఉంటుందో తెలియదు. అట్లాంటి నాకు ఇప్పుడు ఆ మనిషి కడుపులో తిండి అరగకుండా చేయాలని ఉంది. తిట్టడానికి ఇంగ్లీషు రాదు. కానీ తారీఖులు వేసిన సాక్ష్యాలు మీ పొలాల్లో ఉన్నాయి. మెయిన్ బంద్ చేసి మూత తీయండి, అది కూడా ఉస్తాద్ మాటే. లోపలి కాగితాన్ని ఫొటో తీసి షాపుకు పంపండి. రోజుకొకటి ఆ మూసిన సలహా కింద పెట్టడానికి కూతురిని ఒప్పించాను. ఆ పెద్దమనిషి తప్పు ఒప్పుకునే దాకా పెడుతూనే ఉంటాం.

నిన్న చింతమడకలో మొదటి మూత తీశాను. లోపలి నుంచి బల్లి దూకి పారిపోయింది. కాగితం పసుపెక్కింది. ఎర్ర గీత వంతెన ఎక్కి దిగుతోంది, పక్కనే ఆయన బొటనవేలి గ్రీజు మరక. చాలాసేపు మూత వేయలేకపోయాను.

ఉస్తాద్ పేరు ఇందులో ఎక్కడా లేదని మీరు గమనించే ఉంటారు. మరిచిపోయి కాదు. ముందు ఆ సాయం చేసినవాళ్ల వరుసలో పడాలి, తర్వాతే నేను రాస్తాను.

జవాబు తొందరగా పంపండి. వానలు మొదలైతే మూతల్లోకి చెమ్మ దిగుతుంది. ఆ ఎర్ర వంతెనలు ఒక్కొక్కటే కరిగి కింది గీతలో కలిసిపోతాయి.