ఎదుటివాడి కుర్చీ

మొన్న దస్తావేజు పని మీద చిత్తూరు వెళ్ళి, అక్కడ న్యాయవాదిగా ఉన్న మా అక్క కూతురి ఆఫీసులో ఖాళీగా కనిపించిన ఒక పేము కుర్చీలో కూర్చున్నాను. కోర్టు నుంచి పదకొండు గంటలకు వస్తానని ఆమె చెప్పింది. నేను పదీ యాభైకే చేరాను. ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన కాలం నుంచీ చెప్పిన వేళకు పది నిమిషాలు ముందుండటం నా నియమం. ఎదురుగా బెంచీ మీద ఉన్న రైతు ఒకాయన నన్ను చూసి ఇబ్బందిగా కదిలాడు.

"పెద్దాయనా, అది మా తమ్ముని కుర్చీ" అన్నాడు.

"ఆయన ఎక్కడికి వెళ్ళారు?"

"వాడు యాడ వస్తాడప్పా? వానికీ నాకూ మాటల్లేవు. మేడం వచ్చినాక నేనే ఆడ కూసోని వాని మాట చెప్పాలంట. పొద్దున్నుంచి అదే నేర్సుకుంటా ఉండాను, నోరు తిరగల్యా."

నేను వెంటనే లేచి నిలబడ్డాను. అల్లిక కొత్తది కావడం వల్ల గుర్తుపట్టలేదు గానీ, కుడిచేతి కొయ్య మీద టీ గ్లాసు వదిలిన గుండ్రటి మచ్చ అలాగే ఉంది. ఆ మచ్చను ఒకప్పుడు నేను గంటసేపు చూస్తూ కూర్చున్నాను.

ఆ కుర్చీ మా బావది, అంటే మా అక్క భర్తది. నలభై ఏళ్ళకు పైగా చిత్తూరు కోర్టుల్లో వాదించి, నాలుగేళ్ళ కిందట కన్నుమూశాడు. కేసు పట్టుకొని ఎవరు వచ్చినా ముందు బెంచీ మీద కూర్చొని తమ బాధ చెప్పుకోవాలి. తరువాత లేచి పేము కుర్చీలోకి మారి, తమ ప్రత్యర్థి ఏమంటాడో ప్రత్యర్థిలాగే చెప్పాలి. అందులో వెక్కిరింత ఉండకూడదు, అబద్ధం కలవకూడదు. చెప్పలేనివారిని ఎదుటి హోటల్లో టీ తాగి రమ్మని పంపేవాడు. కొందరికి మూడు టీలు పట్టేవి. మరికొందరు ఆ కుర్చీలోంచి లేచి తిన్నగా బస్సెక్కి, ఊరికి పోయి రాజీపడేవారు. దక్కవలసిన కేసుల్లో సగం ఈ కుర్చీయే తినేస్తున్నదని తోటి ప్లీడర్లు పరిహసించేవారు. హోటలు యజమాని మాత్రం మా బావను దేవుడితో సమానంగా చూసేవాడు.

ఊరి పనుల్లో ఎంత మునిగినా ఆయన ఇంటి పని మరవలేదు. అక్కకు నడుమునొప్పి వచ్చిన ఏడాది నుంచి కూతురికి జడలు వేసే బాధ్యత ఆయనదే అయింది. నల్లకోటు తొడుక్కొని, రిబ్బను పళ్ళ మధ్య పట్టుకొని, వసారాలో నిలబడ్డ కక్షిదారుల మాట వినేవాడు. తన నోట్లో రిబ్బను ఉన్నంతసేపూ అవతలివారే మాట్లాడక తప్పదనీ, అసలు సంగతులన్నీ అప్పుడే బయటపడతాయనీ అనేవాడు. ఆ జడల పాపే నేటి మేడం. ప్రతి పనికీ దాని వేళా దాని చోటూ ఉండాలని నమ్మే నాకు ఆ వసారా దర్బారు ఒక పట్టాన మింగుడుపడేది కాదు.

ఇక నా సంగతి. మా ఊరి బడికీ, వంక అవతల ఉన్న కూలీల పల్లెకూ మధ్య మా తోతాపురి మామిడితోట ఉంది. ఆ పల్లె పిల్లలు మా తాతల కాలం నుంచీ తోట నడుమ కాలిబాటనే బడికి వచ్చేవారు. ఒక ఏడాది పూత విరగబూసింది. కాయలు రాలగొడతారన్న భయంతో బాటకు అడ్డంగా ముళ్ళకంచె వేయించి, ఇనుపగేటుకు తాళం పెట్టాను. బడిలో నా నియమం ఒకటి అంతకు ముందు నుంచే ఉంది. ప్రార్థన గంట మోగాక వచ్చినవారు మొదటి పీరియడు ముగిసేదాకా గేటు బయట నిలబడాలి. వారి పేర్లు ఆలస్యపు రిజిస్టరులో నేనే స్వయంగా రాసేవాణ్ణి. అసలు రావడమే మానుకున్నవారి పేరు మీద ఎర్ర సిరాతో గీత గీసేవాణ్ణి. తోట గేటుకూ బడి గేటుకూ ఏదైనా సంబంధం ఉంటుందని నాకు తోచనే లేదు. రెండు తాళంచెవులూ నా నడుముకు ఒకే గుత్తిలో వేలాడేవి.

పల్లెవారు చిత్తూరు వెళ్ళి మా బావనే పట్టుకున్నారు. కంచె వేసినవాడు ఎవరో తెలిశాక, వేరే ప్లీడరును చూసుకోమని ఆయన చెప్పాడట. వారు కదలలేదు. "నీ బామ్మర్ది ఇంకెవురు చెప్పినా ఇనడు సామీ" అన్నారట. నాలుగు రోజుల తరువాత ఉదయం నాకు రిజిస్టరు పోస్టులో నోటీసు అందింది. ఆనాటి సాయంత్రమే బావ, అక్కను వెంటబెట్టుకొని మా ఇంటికి భోజనానికి వచ్చాడు.

"పొద్దున నోటీసు పంపి, సాయంత్రం ఏ ముఖంతో వచ్చారు బావా?" అన్నాను.

"నోటీసు ప్లీడరు పంపినాడు. సంగటికి బావ వచ్చినాడు. నంజుకోను ఊరుబిండి ఉండాదా ల్యాదా?"

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ ఉంది. "తోడబుట్టినోని మీదికే కోర్టు కాయితమా! రేపు నేను పుట్టింటి గడప ఎట్ల తొక్కేది?"

"అందుకే గదా ఈపొద్దే తొక్కించుకొని పోతా ఉండేది" అని బావ ముద్ద కలుపుకున్నాడు. వెళ్ళేటప్పుడు, "ఆదివారం ఆఫీసుకు రాప్పా ఐవోరూ. సంగటి తిన్న ఇంట్లో వాదన వద్దు" అన్నాడు.

ఆదివారం వెళ్ళాను. ఆ పల్లె పిల్లలకు క్రమశిక్షణ లేదని నిరూపించడానికి నా ఆలస్యపు రిజిస్టరును చంకలో పెట్టుకొని మరీ వెళ్ళాను. బావ దాన్ని పక్కన పెట్టి, పేము కుర్చీ చూపించాడు. కూర్చున్నాను.

"దొంగల తరఫున నేనేం చెప్పాలి?" అన్నాను.

"వాళ్ళు నీ మాట ఎంత బాగా చెప్పినారో తెలుసునా? 'ఐవోరు సెడ్డోడు కాదు సామీ, ఏడాది పంట పోతాదని బయపడినాడు, మేమైనా అంతే జేసుందుము' అన్నారు. ఈ కుర్చీలోనే. ఒక్క టీ కూడా తాగకుండా."

నేను టీ గ్లాసు మచ్చను చూస్తూ కూర్చున్నాను. బావ రిజిస్టరు తెరిచి, కంచె ఏ రోజు వేయించావని మామూలుగా అడిగాడు. చెప్పాను. ఆయన ఆ తేదీ మీద వేలు పెట్టి, పుస్తకాన్ని నా వైపు తిప్పాడు. వేలికి పైన పల్లె పిల్లల పేరు ఒక్కటీ లేదు. వేలికి కింద, ప్రతి రోజూ, నా గుండ్రటి అక్షరాలలో, తప్పు లేకుండా, వరుసగా పదకొండు పేర్లు. రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వస్తే గంటకు పైగా నడక. కొన్ని పుటలు తిరిగాక పదకొండు పేర్లు ఎనిమిదయ్యాయి.

"తక్కిన ముగ్గురూ దారికొచ్చినారా?" అన్నాడు బావ.

ఆ ముగ్గురూ ఆడపిల్లలు. గేటు బయట నిలబెట్టే బడికి పంపడం కంటే తమతో పనికి తీసుకుపోవడం మేలని తల్లిదండ్రులు మాన్పించారు. వారి పేర్ల మీద ఎర్రగీత గీసింది నేనే. ఆ కుర్చీలో కూర్చొని అప్పుడు చెప్పగలిగాను: "మేము ఆలస్యంగా రాలేదు సార్. మీరు దారి మూశారు."

మరునాడు నేనే తాళం తీశాను. అంతటితో వ్యవహారం ముగిసిందనుకున్నాను. బావ ఒప్పుకోలేదు. బాట హక్కును దస్తావేజుగా రాయించి రిజిస్టరు చేయించాడు. "నీ మంచితనం నువ్వున్నన్ని దినాలే ఉంటాదప్పా. కాయితం ఇంకో నాలుగు దినాలు ఎక్కువుంటాది" అన్నాడు. ఆ తరువాత ఇద్దరం కలిసి ఆ ముగ్గురి ఇళ్ళకూ నడిచి వెళ్ళాం. ఇద్దరు తిరిగి బడికి వచ్చారు. మూడవ పాప కుటుంబం అప్పటికే పని వెతుక్కుంటూ బెంగుళూరు వెళ్ళిపోయింది. ఆ ఎర్రగీతను చెరిపే అవకాశం నాకు మళ్ళీ రాలేదు.

పదకొండుకు రావలసిన మేనకోడలు పదకొండున్నరకు వచ్చింది. నేను గడియారం చూడలేదు. వచ్చిన పని చెప్పాను. తోటను నా ఇద్దరు కొడుకులకు పంచుతున్నాను. ఇద్దరూ తిరుపతిలో ఉంటారు. ఆ బాటను ఎవరి భాగంలోనూ కలపకుండా, ఎప్పటికీ తెరిచే ఉంచాలని భాగపత్రంలో రాయాలి.

ఆమె కలం మూత తీయకుండానే నవ్వింది. "బాట పోతే భూమి తగ్గుతాదని నీ కొడుకులు అంటారు గదా మామా. ముందు వాళ్ళ మాట చెప్పు."

బెంచీ మీది రైతు చాలా ఆసక్తిగా ముందుకు వంగాడు. నేను చేతికర్ర పక్కన పెట్టి, మరొకసారి పేము కుర్చీలో కూర్చున్నాను. ఈసారి టీ అవసరం పడలేదు.

తిరుగుప్రయాణంలో బడి విడిచే వేళకు తోట దగ్గర బస్సు దిగాను. బాట నిండా పిల్లలు. గంట మోగిన తరువాత వచ్చినవారిని నేను ఏనాడూ వెంటనే లోపలికి రానివ్వలేదు. ఎదుటివాడి కుర్చీలోకి చాలా ఆలస్యంగా వచ్చిన నన్ను మాత్రం కాలం గేటు బయట నిలబెట్టలేదు.