వదినగారి పరిధి

సబ్బుల ఫ్యాక్టరీ యూనియన్ అధ్యక్షుడికి యజమానంటే భయం లేదు, పోలీసులంటే భయం లేదు. భయమల్లా వదినంటేనే. అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసే ఆవిడ, ఎవరేం చెప్పినా ముందు ఒకటే ప్రశ్న వేసేది: "ఇది మీ పరిధిలోకి వస్తుందా?"

కండక్టరు "కాస్త ముందుకు జరగండమ్మా" అంటే, "మీ పరిధి టిక్కెట్టు వరకా, నా కాళ్ల వరకా?" అనేది. కళ్ల డాక్టరు కాఫీ తగ్గించమంటే, "నాలుక మీద మీకేం అధికారమండీ?" అని లేచొచ్చేసింది. ఇక ఆవిడ భర్త, పాపం, ఆయన పరిధి కంచం అంచు దాకానే.

అలాంటి మనిషి ఉన్నట్టుండి యూనియన్ సమావేశాలకు రావడం మానేసింది. వరసగా ఎగ్గొడితే సభ్యత్వం తీసెయ్యాలని నియమం. మరిది బతిమాలాడు.

"వదినా, ఒక్కసారి వచ్చి కూర్చో. నిన్ను తీసేస్తే ఇంట్లో నాకు అన్నం పుడుతుందా?"

"అన్నం నా పరిధి, సభ్యత్వం నీ పరిధి. రెండూ కలపకు."

తీసేశాడు. ఆ పూట ఆవిడ మామూలుగానే వడ్డించింది. అతనికే ముద్ద దిగలేదు. మర్నాడు, సంజాయిషీ అడక్కుండా తీసేశారంటూ ఆవిడ కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లింది.

"యజమానితో గొడవైతే మేం చూస్తాం. మీకూ మీ యూనియన్‌కీ అయితే అది ఇంటిగొడవమ్మా, కోర్టుకెళ్లండి" అన్నాడు అధికారి.

"ఇంటిగొడవే లెండి, అధ్యక్షుడు మా మరిదే. అయినా తేల్చేవాళ్లు ఒకరుండాలిగా?"

కోర్టు గుమాస్తా కార్మిక శాఖకే పొమ్మన్నాడు. యూనియన్‌కే అప్పీలు చేసుకుందామంటే, అది సభ్యులకు మాత్రమేనట!

ఇంకొకరైతే చేతులు దులుపుకునేవారు. ఆవిడ మాత్రం రోజూ డ్యూటీ దిగి, సబ్బు వాసనతోనే వచ్చి అధికారి గది ముందు బల్ల మీద కూర్చునేది. "మీ పరిధి కాదని రాసివ్వండి, వెళ్లిపోతాను." కాదని రాయాలంటే చట్టం చదవాలి. విసిగిపోయి ఆయన చదివాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

"అమ్మా... మాదేనమ్మా" అన్నాడు నీరసంగా.

విచారణలో అధ్యక్షుడు, "ఇంట్లో ఎన్నిసార్లో అడిగానండీ" అని మొరపెట్టుకున్నాడు.

"అడిగింది మా మరిది. యూనియన్ కాదు."

తీసివేత చెల్లదని అధికారి తేల్చేశాడు. ఆవిడ కదల్లేదు. "ఇలా అడక్కుండా తీసేసిన వాళ్లందరికీ ఇదే వర్తిస్తుందని కూడా చెప్పండి."

"వర్తిస్తుంది" అన్నాడాయన.

ఆ 'అందరూ' ఎవరా అని అధ్యక్షుడు వెనక్కి తిరిగాడు. చివరి బల్ల మీద, ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దాయన ఒదిగి కూర్చునున్నాడు. నత్తి వల్ల నలుగురిలో మాట్లాడలేక సమావేశాలకు రావడం మానేస్తే, పోయినేడు ఆయన్నీ ఇలాగే అడక్కుండా తీసేశారు.

వరండాలో మరిది నిలదీశాడు. "ఈయన కోసమా ఇదంతా?"

"ఈయన తరఫున వస్తానంటే, నష్టపోయిన మనిషే రావాలన్నారు ఆఫీసులో. ఆఫీసరు ముందు ఈయనకి నోరు పెగలదు. మరి నేను నష్టపోకపోతే ఎట్లా?"

"నాతో అంటే నేనే చేర్చుకునేవాణ్ణిగా!"

"నువ్వు జాలిపడి చేర్చుకోవడమేంటి? తలెత్తుకుని రావాలాయన."

ఇంతలో పెద్దాయన దగ్గరికొచ్చి ఏదో చెప్పబోయాడు. మొదటి అక్షరం దగ్గరే మాట ఆగిపోయింది. ఆ మాటేదో తనే అందిద్దామని మరిది నోరు తెరిచేసరికి, వదిన అతని కాలు గట్టిగా తొక్కింది. తొక్కి, పెద్దాయన మొహంలోకి చూస్తూ తాపీగా నిలబడింది.

"టీ... టీ తాగుదామా?" అన్నాడాయన చివరికి, తనే నవ్వేస్తూ.

ముగ్గురూ ఎదుటి టీకొట్టుకి నడిచారు, అధ్యక్షుడు కాస్త కుంటుతూ.