తుప్పు పట్టిన గ్రూపు

సముద్రం ఒడ్డున డిగ్నాబాద్‌లో ఉండే యర్రమ్మకి తాళం లేని వస్తువు కనిపిస్తే నిద్రపట్టదు. ఫ్రిజ్‌కి తాళం, టీవీకి తాళం, ఊరగాయ జాడీకైతే గొలుసు చుట్టి మరీ తాళం. చేపల వేటకెళ్లే మొగుడు అప్పలరాముడు ఓసారి గుమ్మంలో ఆగి, "నాకెప్పుడేస్తావే?" అన్నాడు.

"నీ సైజుది బజార్లో దొరకలేదయ్యా" అని ఆవిడ నిజంగానే విచారించింది.

అలాంటి మనిషికి, పిల్లల ఫోన్లకి కూడా తాళం ఉంటుందని స్కూల్ మీటింగులో ఎవరో చెప్పారు. ఇంటికొచ్చిన అమ్మ మొహంలో వెలుగు చూసి ఎనిమిదో క్లాసు చదివే కూతురు ప్రమోదకి గుండె జారిపోయింది. ఆ రోజు నుంచి తను ఏది తెరవాలన్నా అమ్మ ఫోన్‌కి అర్జీ వెళ్లాలి. అమ్మ నొక్కితేనే తెరుచుకుంటుంది. ఆ అమ్మకేమో ఇంగ్లీషు రాదు.

"ఇదేటే?"

"ఫొటోసింథసిస్."

"ఫొటోలా? కుదరదు."

"ఫొటోలు కాదమ్మా! ఆకులు ఎండతో అన్నం వండుకుంటాయి."

"గ్యాస్ లేకండానా?" యర్రమ్మ పీట లాక్కుని కూర్చుంది. "పూరా సెప్పు, అప్పుడు నొక్కుతాను."

పూరా చెప్పేసరికి ప్రమోదకి ఆ సైటుతో పనే లేకపోయింది.

ఓ శుక్రవారం సాయంత్రం క్లాసు పిల్లల గ్రూపు తెరుచుకోలేదు.

"అమ్మా, గ్రూపేమైంది?"

"తాళం పట్టీసింది. తుప్పు."

"ఫోన్‌కి తుప్పేంటి!"

"సముద్రం గాలి, బేటా. దేనికైనా పడతాది."

ప్రమోద అలిగి మంచమెక్కింది. యర్రమ్మ బతిమాలలేదు సరికదా, టిఫిన్ డబ్బా నిండా చేపల వేపుడు సర్దుకుని బయటికి నడిచింది. మర్నాడూ అంతే. కన్నకూతురు పస్తుంటే ఊరికి వేపుళ్లు పంచుతోందని ప్రమోద దిండులో మొహం దాచుకుని ఏడ్చింది.

సోమవారం స్కూల్లో స్నేహితురాలు చాందిని తల దించుకుని వచ్చింది. "సారీ యార్. నువ్వు క్లాసులో నిద్రపోతుంటే ఫొటో తీసి, చేప తల అతికించి గ్రూపులో పెట్టా. అందరూ నవ్వారు. నీ ఫోన్‌లో నీకంటే ముందు ఆంటీ చూసేసింది."

ప్రమోద చెవులు వేడెక్కాయి. "వచ్చి తిట్టిందా?"

"తిడితే బాగుండేది. వేపుడు తినిపించింది. 'ఆ ఫొటో తీసీ తల్లీ, మా పిల్ల సూస్తే ఏడుస్తాది, అదేడిస్తే నాకు ముద్ద దిగదు' అంది. తర్వాత డాలీగంజ్ దాకా ఇంటింటికీ తిరిగి అందరి ఫోన్లలో తీయించింది."

ప్రమోద ఇల్లు చేరేసరికి యర్రమ్మ చేపలు తోముతోంది. తలెత్తకుండానే, "తుప్పు వదిలింది, సూసుకో" అంది.

ప్రమోద తెరిచింది. చేప తల జాడే లేదు. గ్రూపులో కొత్త మనిషి మాత్రం చేరింది. చేరడమే కాదు, పిల్లలంతా కలిసి అడ్మిన్‌ని కూడా చేశారు. వాయిస్ మెసేజ్ నొక్కగానే అమ్మ గొంతు ఖంగుమంది:

"అరే బచ్చాలూ, ఎవులు ఎవుల్ని ఏడిపించినా నాకు సెప్పండి. ఇప్పుడు ఫోన్లు పక్కనెట్టి అన్నాలు తినండి."

కింద వరసగా జవాబులు: "ఓకే ఆంటీ." "తిన్నాం ఆంటీ." "మళ్లీ వేపుడు ఎప్పుడు ఆంటీ?"