నొచ్చి ఆకు

ఎనభైల మొదట్లో నేను యానాం నుంచి పుదుచ్చేరికి పరిశోధనకు వచ్చేనాటికి, పురుగుమందును ఆకుల్లో, అదీ కంప్యూటర్‌తో వెతకడమంటే నవ్వేవాళ్లే ఎక్కువ. మా గైడు మేడం నవ్వులకు జంకే మనిషి కారు. ఆకుల్లోని రసాయనాల బరువు, ఆకారం, ఆవిరయ్యే గుణం అంకెల్లోకి మార్చి, వడ్ల పురుగును ఏది తరుముతుందో లెక్క కట్టించేవారు. ఆ లెక్క కుదిరితేనే కంప్యూటర్ సెంటరువాళ్లు మాకు మళ్లీ మిషన్ మీద వంతు ఇస్తారు. లేదంటే నా పరిశోధన అటకెక్కినట్టే.

వడ్ల గాదెల్లో ఏ ఆకులు వాడతారో చెప్పింది మా ల్యాబు ఊడ్చే పెద్దమ్మ. పుట్టింది పక్కనున్న బాహూరు పల్లెలో, కాపురం ముదలియార్‌పేటలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే, కాకపోతే సగం అరవం కలిసిన తెలుగు. చదవడం రాదు. పుట్టింటి గాదెల సంగతి ఆమె చెబుతుంటే నేను దర్జాగా రాసుకున్నాను.

"యాపాకు ఏస్తారు నాయనా. నొచ్చి ఆకు ఏస్తే ఇంక పురుగు యాడ నుంచి వస్తాది?"

మా గోదావరి చెవికి నొచ్చి అంటే దెబ్బ తిని, నలిగి. 'నలిపిన వేపాకు, బ్రహ్మాండం' అని రాసి, కంప్యూటర్‌కు తినిపించే చిల్లుల కార్డు గుద్దించాను.

మిగతా ఆకులన్నీ లెక్కకు లొంగాయి, నలిపిన వేపాకు తప్ప. వేప చేదు బరువైన సరుకు, తేలిగ్గా ఆవిరి కాదు, గాదెలో దూరంగా ఉన్న పురుగును అది తరమలేదంది కంప్యూటర్. ఆ వరుస కొట్టేద్దామన్నాను. మేడం ససేమిరా అన్నారు.

"పెద్దమ్మ కళ్లారా చూసి చెప్పిన మాట అది. రాసుకున్నది నువ్వు. వెళ్లి మళ్లీ అడుగు."

ఒళ్లు మండింది గానీ, అడిగాను.

మర్నాడు పెద్దమ్మ కొంగులో ఒక రెమ్మ తెచ్చింది. కాడకు అయిదేసి ఆకులు, ముక్కుపుటాలదిరే వాసన. వావిలి! మా ఇంట్లో బాలింతల స్నానాల నీళ్లలో వేసే ఆకు. దాన్నే అరవంలో నొచ్చి అంటారట. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

వావిలి అంకెలతో కార్డు మార్చి, మాకు మిగిలిన ఆఖరి వంతులో మళ్లీ నడిపించాం. ఈసారి అది పట్టికలో పైవరుసలోనే నిలిచింది. మేడం ఆ కాగితాన్ని ముందుగా పెద్దమ్మ చేతికే ఇచ్చారు. మేడమంటే నాకు ఈనాటికీ అంత గౌరవం అందుకే.

పెద్దమ్మ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంది నాయనా, దీనికింత పెద్ద మిషనా? నన్నడిగుంటే చెప్పుండనా?"

"అడిగాను పెద్దమ్మా," అన్నాను. "నువ్వు చెప్పావు కూడా."